తుఫాను తర్వాత పదో ఏడు

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుఫాను కృష్ణా జిల్లా దివి తాలూకా, అంటే దివిసీమ మీద విరుచుకుపడిన రోజు. గాలితో పాటు సముద్రమూ లేచి వచ్చింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప, మూలపాలెం లాంటి ఊళ్లను తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పోయినవాళ్లు పదివేల మంది. అవి కోతల రోజులు. పనికోసం ఇతర జిల్లాల నుంచి వచ్చి చేలగట్ల మీద పాకలేసుకున్న కూలీలు చాలామంది ఏ జాబితాలోకీ ఎక్కలేదంటారు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడిలో తలదాచుకున్నవాళ్లు బతికి బయటపడ్డారు. అవనిగడ్డ దగ్గర, ఉప్పెన నీళ్లు వచ్చి ఆగిన చోట, పోయినవాళ్ల గుర్తుగా స్మారకం కట్టారు.

పోయినవాళ్ల గురించి ఏటా ఆ తేదీకి చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ పూట నేను మిగిలినవాళ్ల గురించి మాట్లాడదలిచాను. ఊరు పోయి, కొత్త చోట కాలనీలో తలుపు తీసి లోపల అడుగుపెట్టినవాళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకు, పదేళ్లకు ఎట్లా ఉన్నారన్నది నా విషయం.

నాది మేళ్లచెరువు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 దాకా నల్లగొండ. సముద్రానికి చాలా దూరంగా, సున్నపురాయి నేలల్లో, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాల మధ్య ఉండే ఊరు. దివిసీమ తుఫానుకూ మేళ్లచెరువుకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం కృష్ణానది.

ఆ నది మీది పులిచింతల ప్రాజెక్టు సంగతి మీకు తెలిసిందే. కుడిగట్టు అప్పటి గుంటూరు జిల్లా వైపు, ఎడమగట్టు అప్పటి మా మండలంలోని వజినేపల్లి వైపు. 2004 అక్టోబరులో శంకుస్థాపన చేశారు, 2013 డిసెంబరు 7న ప్రారంభించారు. నిల్వ 45.77 టీఎంసీలు. ఇది ఎందుకు కట్టారో గుర్తుచేస్తాను. నాగార్జునసాగర్ నుంచి నీళ్లు వచ్చేదాకా ఆగకుండా, కృష్ణా డెల్టాలోని 13 లక్షల ఎకరాలకు నారుమళ్ల వేళకే నీళ్లు అందాలని కట్టారు. నాట్లు ముందు పడితే కోతలు ముందు వస్తాయి. కోతలు ముందు వస్తే నవంబరు తుఫానుల నోట్లో పడకుండా పంట ఇంటికి చేరుతుంది. ఆ డెల్టా కాలువల చిట్టచివర ఉన్నదే దివిసీమ.

అంటే, కింద తుఫాను దెబ్బ తప్పించడానికి పైన కొన్ని ఊళ్లు మునిగాయి. నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు, కిష్టాపురం, చింత్రియాల, ఇంకా కొన్ని. కొన్ని పూర్తిగా, కొన్ని కొంతభాగం. ఆ ఊళ్లవాళ్లు ఇవాళ పునరావాస కాలనీల్లో ఉన్నారు. 2016లో మా మండలం నుంచి విడదీసిన చింతలపాలెం మండలం పరిధిలో ఇప్పుడు వాళ్లలో ఎక్కువమంది ఉంటారు. ఉప్పెన చెప్పకుండా వచ్చింది, జలాశయం చెప్పి వచ్చింది. చావులు అక్కడ, పరిహారాలు ఇక్కడ. ఆ రెంటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ కొత్త చోట కాపురం పెట్టాక ఎదురయ్యే కష్టాలు మాత్రం రెండు చోట్లా ఆశ్చర్యపోయేటంత ఒకటిగా ఉంటాయి. అందుకే దివిసీమ సంగతి చెప్పమంటే నాకు మా కాలనీలు కళ్లముందు కనబడతాయి.

ముందు దివిసీమ. తుఫాను తర్వాత దేశం కదిలింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు, రామకృష్ణ మిషన్ స్వాములు, క్రైస్తవ సేవాసంఘాల వాళ్లు ఒకే బురదలో దిగి పనిచేశారు. అంతకు రెండేళ్ల ముందే హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకటకృష్ణారావు గారు ఆ ప్రాంతం నాయకుడు. దివిసీమను మళ్లీ నిలబెట్టడాన్ని ఆయన తన జీవితపు పనిగా చేసుకున్నారు. ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు పోటీపడి కాలనీలు కట్టాయి. ఆర్.ఎస్.ఎస్. కార్యకర్తలు పూనుకుని కట్టిన దీనదయాళ్‌పురం లాంటి కొత్త ఊళ్లు వెలిశాయి. తాటాకు గుడిసె తప్ప ఎరగనివాళ్ల నెత్తిన మొదటిసారి కాంక్రీటు కప్పు పడింది. ఆ ఇళ్లు కట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఇక ఆ ఇంట్లోకి వెళ్లినవాళ్ల సంగతి. ఉప్పునీళ్లు నిలిచిన పొలం మరుసటి ఏడాది పండదు. చెరువుల్లో, బావుల్లో ఉప్పు దిగితే తాగునీరు ఉండదు. గొడ్లు మందలు మందలుగా కొట్టుకుపోయాయి. దున్నడానికి ఎద్దు లేక, అమ్ముకోవడానికి పాలు లేక, కూలికి పిలిచే రైతు లేక కొత్త ఇంట్లో ఖాళీ చేతులతో కూర్చోవలసి వచ్చింది. బెస్తవాళ్ల కష్టం ఇంకొక రకం. పడవ, వల పోయాయి. అవి ఎవరో ఇప్పించినా, కాలనీ సముద్రానికి దూరమైతే తెల్లవారుజామున పోటు చూసుకుని వేటకు దిగడం కుదరదు. పడవను ఒడ్డున వదిలి ఇంట్లో పడుకోవడానికి మనసొప్పదు. అందుకని మొగవాళ్లు ఒడ్డునే పాకలు వేసుకున్నారు. వెనకే ఆడవాళ్లు, పిల్లలు. మంచి ఇల్లు కట్టిస్తే మళ్లీ సముద్రం ఒడ్డుకే పోతున్నారని అధికారులు కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయం లేదు. కూడు ఎక్కడుంటే మనిషి అక్కడుంటాడు.

దీనికి మా పాత జిల్లా నల్లగొండలోనే సాక్ష్యం ఉంది. సాగర్ వెనక జలాల ఒడ్డున, నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ అని ఉంది. ఇప్పుడు హైదరాబాదు నుంచి కార్లలో జనం విహారానికి వస్తున్నారు గాని, అది విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల ఊరు. వందల కిలోమీటర్లు దాటి, భాష యాస వేరైన చోటికి వచ్చి స్థిరపడ్డారు. ఎవరూ వాళ్లకు లేఅవుట్ వేసి పిలవలేదు. నీళ్లున్నాయి, చేపలున్నాయి, చేతిలో వల ఉంది. ఊరు మారినా చేతిపని మారలేదు కాబట్టి నిలదొక్కుకున్నారు.

మా ముంపు కాలనీల్లో చేతిపని మారిపోయింది. ఏటి ఒడ్డున మోటార్లు పెట్టుకుని వరి, మిరప, పత్తి పండించినవాళ్లు. పరిహారం చేతికొచ్చేసరికి చుట్టుపక్కల భూమి ధర పెరిగిపోయింది. రెండెకరాలు పోయినవాడు ఎకరం కొనలేకపోయాడు. డబ్బు ఇంటి కప్పు కిందికి, ఆడపిల్ల పెళ్లికి, పాత అప్పుకు వెళ్లిపోయింది. కుర్రవాళ్లు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలికి పోతున్నారు. పెద్దవాళ్లకు ఆ పని ఇవ్వరు, వాళ్లకు వచ్చిన పని చేయడానికి భూమి లేదు.

ఒక కాలనీలో ఒక పెద్దమ్మతో మాట్లాడాను. ఇల్లు బాగుంది. రెండు గదులు, ముందు వసారా, గోడకు దేవుడి పటాలు. బర్రెలు ఏమైనాయమ్మా అని అడిగాను. "రెండుండె బిడ్డా. ఏటిగడ్డన మేసి పొద్దుగూకితే వాటంతట అవే ఇంటికొచ్చేటియి. ఈడ కొట్టమేస్తే ఇంటికి జాగ లేదు, ఇల్లేస్తే కొట్టానికి జాగ లేదు. అమ్మేసినం," అన్నది. ఇప్పుడు పాల ప్యాకెట్టు కొంటున్నారట. పాలు అమ్మిన ఇల్లు పాలు కొనుక్కునే ఇల్లయింది. పరిహారం లెక్కలో ఆ బర్రెలకు గడి లేదు, ఎందుకంటే బర్రెలు మునగలేదు.

కాసేపటికి ఆమే ఇంకో మాట అన్నది. "మా తోడికోడలిల్లు గోడవతల్నే ఉండె. ఇప్పుడు నాలుగు బజార్లవతల పడ్డది. ఈ మోకాళ్లతోటి ఆడిదాక ఎట్లపోను?" ప్లాట్లు పంచేటప్పుడు చిట్టీలు తీశారు. చిట్టీ తీస్తే ఎవరికీ పక్షపాతం ఉండదు నిజమే. కానీ ముప్పై నలభై ఏళ్లు గోడకు గోడగా బతికినవాళ్లు చెదిరిపోయారు. పిల్లకు జ్వరమొస్తే చూసే మనిషి, బియ్యం నిండుకుంటే తవ్వెడు ఇచ్చే మనిషి, మొగుడు తాగొచ్చి కొడితే అడ్డం పడే మనిషి, అందరూ నాలుగు బజార్ల అవతల పడ్డారు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పేదవాళ్లకు బ్యాంకు, ఆసుపత్రి, పోలీసు స్టేషను అన్నీ ఇరుగుపొరుగే.

దివిసీమలో అయితే ఆ ఇరుగుపొరుగును ఉప్పెనే తీసుకుపోయింది. ఉప్పెనలో ఎక్కువగా పోయినవాళ్లు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. చెట్టెక్కి, దూలం పట్టుకుని ఎదురీదగలిగినవాళ్లు మిగిలారు. కాబట్టి కొత్త కాలనీలో భార్య పోయిన మొగవాళ్లు, తల్లి లేని పిల్లలు, ఇంటిల్లిపాదీ పోగా మిగిలిన ఒంటరి మనుషులు. ఇళ్లు వరసగా నిలబడ్డాయి, లోపల వండిపెట్టే మనిషి లేదు. పెళ్లిళ్లు మళ్లీ జరిగాయి. సవతి బిడ్డలు, సొంత బిడ్డలు, ఎవరో తెచ్చి అప్పగించిన బిడ్డలు కలిసి పెరిగారు. ఆ కాపురాలను నిలబెట్టిన ఆడవాళ్ల ఓర్పు గురించి మనం తక్కువ రాసుకున్నాం. ఇప్పుడు వాళ్లు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉంటారు. వాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టవలసిన సమయం దాటిపోతోంది. దివిసీమ కాలేజీల్లో తెలుగు, చరిత్ర చెప్పే అధ్యాపకులు ఈ మాట వింటుంటే, పిల్లలకు ఆ పని అప్పగించమని అడుగుతున్నాను.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 తుఫాను తర్వాత కృష్ణా డెల్టా ఊళ్లను చాలాకాలం పరిశీలించి, 1992లో ఒక పుస్తకం వెలువరించాడు. ఆయన చెప్పినదాని సారం ఇది: తుఫాను పడే చోటే అందరూ ఉన్నా, దెబ్బ అందరికీ ఒకే రకంగా తగలదు. చేతిలో కాస్త ఆస్తి, నమ్మి అప్పిచ్చే మనిషి, ఆఫీసులో మాట చెల్లుబాటయ్యే బలం ఉన్నవాడు తేరుకుంటాడు. అవి లేనివాడికి పక్కా ఇల్లు కట్టిచ్చినా ఆ బలహీనత పోదు. నా పరిశీలన కూడా అదే. మా కాలనీల్లో బాగుపడినవాళ్లు లేకపోలేదు. పాత ఊళ్లో నాలుగు డబ్బులు ఉన్నవాళ్లు కోదాడలో, హుజూర్‌నగర్‌లో ప్లాట్లు కొనుక్కుని ముందే కదిలారు. కౌలుకు చేసినవాళ్లు, మేకలు కాచినవాళ్లు, తండాల్లో ఉన్న లంబాడీలు పరిహారం జాబితాలో చివర నిలబడ్డారు. దివిసీమలోనూ సొంత భూమి లేని కూలీలది, యానాదులది ఆ చివరి వరసే.

ఇంకో సంగతి కాలనీ పక్కన ముందునుంచీ ఉన్న ఊరివాళ్లది. కొత్తవాళ్లు వస్తే వాళ్ల బోరు నీళ్లు పంచుకోవాలి, వాళ్ల బడిలో పిల్లలు పెరుగుతారు, కూలి రేటు తగ్గుతుంది. భయం సహజం. తీరంలో ఆ కాలనీలను చాలాకాలం తుఫాను కాలనీ అనే పిలిచారు. ఇక్కడ ముంపోళ్లు అంటారు. పిలిచేవాళ్లకు అందులో చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ బడిలో పదేళ్ల పిల్ల తన ఊరి పేరు చెప్పబోతే పక్కపిల్ల ముంపు కాలనీ అని సరిచేస్తే, ఆ పిల్లకు అది తగులుతుంది. ఇక్కడ మా ఊరి గురించి ఒక మంచి మాట చెప్పాలి. మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరలో ప్రభలు కడతారు, ఎడ్ల పందేలు పెడతారు. చెదిరిపోయిన ముంపు ఊళ్ల జనం ఒకరినొకరు వెతుక్కుని కలుసుకునేది ఆ రోజుల్లోనే. ప్రభల వెలుగులో పాత ఊరివాళ్లు గుంపుగా కూర్చుని, ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని లెక్కలు చెప్పుకుంటుంటే చూశాను. ఏ ప్యాకేజీలోనూ లేని పునరావాసం అది.

ప్రపంచంలో ఇంకోచోట సరిగ్గా ఇదే కథ జరిగింది. 2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్ దేశం మీద హైయాన్ అనే తుఫాను పడింది. వాళ్లు దాన్ని యోలాండా అంటారు. టక్లోబాన్ నగరంలో సముద్రం ఇళ్ల మీదికి వచ్చింది. ఆ దేశంలో చనిపోయినవాళ్లు 6,300 మందికి పైగా. తుఫాను వస్తుందని ముందే చెప్పారు, కానీ ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో జనానికి అర్థమయ్యేలా చెప్పలేకపోయారు. 1977లో మన రేడియో కూడా తుఫాను హెచ్చరిక చెప్పింది. గాలివాన ఎరిగిన జనం సముద్రం ఇంటిమీదికి నడిచివస్తుందని ఊహించలేదు. ముప్పై ఆరేళ్ల తేడాతో రెండు దేశాల్లో ఒకే కారణంతో జనం పోయారు. టక్లోబాన్‌లో ఒడ్డున ఉండనివ్వకుండా బాధితులను నగరానికి ఉత్తరాన దూరంగా కట్టిన కాలనీలకు పంపారు. ఇళ్లు వచ్చాయి, కొళాయిల్లో నీళ్లు రాలేదు. ఏళ్ల తరబడి ట్యాంకర్ల మీద బతికారు. పని ఉన్న నగరానికి పోయిరావడానికే సంపాదనలో చాలా భాగం ఖర్చయ్యేది కాబట్టి చాలామంది వారమంతా ఒడ్డునే పాత చోట ఉండి, సెలవు రోజున కాలనీకి వచ్చేవారు.

మన వైపు జరిగిన మంచిని కూడా చెప్పాలి. 1977 తర్వాత కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే నెలలో అంతే భయంకరమైన తుఫాను మళ్లీ కృష్ణా తీరం మీద పడింది. అప్పటికి జనాన్ని పెద్దఎత్తున ముందే తరలించగలిగారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. పదమూడేళ్లలో పదివేల నుంచి ఆ సంఖ్యకు రావడం చిన్న విజయం కాదు. ప్రాణం కాపాడడం మనకు వచ్చింది. కాపాడిన ప్రాణాన్ని ఆ తర్వాత బతికించడం ఇంకా రాలేదు.

రాకపోవడానికి కారణం జాలి లేక కాదు. తుఫాను వచ్చినప్పుడు తెలుగువాళ్ల జాలికి కొదవలేదు. లోపం చట్టంలో ఉంది. 2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రాజెక్టు కోసం ఊరిని కదిలిస్తే కొత్త ఊళ్లో ఏమేం ఉండాలో ఆ చట్టంలో ఒక షెడ్యూలు ఉంది. రోడ్లు, మురుగుకాల్వలు, తాగునీరు, గొడ్లకు నీళ్లు, మేతభూమి, బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రం, ప్రార్థనా స్థలం, శ్మశానం. మా పులిచింతల ముంపు అంతకుముందే, 2005 నాటి రాష్ట్ర విధానం కింద సాగింది కాబట్టి ఆ షెడ్యూలు మావాళ్లకు అక్కరకు రాలేదు. కనీసం తర్వాతివాళ్లకు కాగితం మీద హక్కు ఉంది, కోర్టు మెట్లెక్కి అడగడానికి వీలుంది.

తుఫాను బాధితులకు ఆ కాగితం కూడా లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో 12వ సెక్షన్ కనీస సహాయం గురించి చెబుతుంది. శిబిరంలో చోటు, తిండి, నీళ్లు, వైద్యం, పారిశుధ్యం. వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు. ప్రాణనష్టానికి, ఇంటి నష్టానికి, బతుకుదెరువు నిలబెట్టుకోవడానికి సహాయం. మంచిదే. కానీ ఒక ఊరిని శాశ్వతంగా వేరే చోటికి మార్చాల్సి వస్తే, ఆ కొత్త ఊళ్లో మేతభూమి ఉండాలని, శ్మశానం ఉండాలని, పాత ఇరుగుపొరుగును ఒక్కచోటే ఉంచాలని అందులో ఎక్కడా లేదు. ఇచ్చేవాళ్ల మంచితనం మీద ఆధారపడాలి. దాత దొరికిన ఊరు బాగుపడుతుంది, దొరకని ఊరు వెనకబడుతుంది. ఆనకట్ట నీళ్లు ముంచితే హక్కు, సముద్రపు నీళ్లు ముంచితే దయ. ఈ తేడాకు నాకు సమాధానం దొరకలేదు. అలాంటి తేడా ఉండకూడదనే నా అభిప్రాయం.

1969లో గుంటూరు తీరంలో తుఫాను పడినప్పుడు మైకేల్ విండీ అనే బెల్జియం దేశపు జెసూట్ ఫాదర్ ఒక పని మొదలుపెట్టారు. తర్వాత అది విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్ అయింది. ఇళ్లు కట్టి తాళంచెవి చేతికివ్వడంతో ఆగకుండా, ఊరు మొత్తాన్ని ఊరివాళ్ల చేతులతోనే మళ్లీ నిలబెట్టాలన్నది ఆయన పద్ధతి. తన గోడకు తానే ఇటుక మోసినవాడు ఆ ఇంటిని వదిలిపోడు. ప్రభుత్వాలు కాంట్రాక్టు పిలిచే ముందు ఆ పద్ధతిని ఒకసారి చూడాలని నా కోరిక. ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉండాలో ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగడానికి ఒక్క సాయంత్రం చాలు, రూపాయి ఖర్చు లేదు.

తుఫానులు తగ్గేలా లేవు. 2014లో హుద్‌హుద్ విశాఖను చీల్చింది. 2024 ఆగస్టు చివరి రాత్రి బంగాళాఖాతపు వాయుగుండం వానకు ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగాయి. మా కోదాడ, హుజూర్‌నగర్ వీధుల్లో నీళ్లు నిలిచాయి, కోదాడలో ప్రాణాలు పోయాయి. సముద్రం దూరమని మెట్టప్రాంతం వాళ్లం నిశ్చింతగా ఉండే రోజులు వెళ్లిపోయాయి. రేపు ఊరు మార్చాల్సి వచ్చేది మనకే కావచ్చు.

కాబట్టి వింటున్న మీకు ఒక విన్నపం. మీ ఊరి శివారులో తుఫాను వల్లనో, ముంపు వల్లనో వచ్చినవాళ్ల కాలనీ ఉండే ఉంటుంది. వాళ్లు వచ్చి పదేళ్లు దాటి ఉంటే, వచ్చే గ్రామసభకు వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. కొళాయి, మేతభూమి, శ్మశానం, ఈ మూడింటి గురించి అడిగించండి. ఏది లేకపోతే దాని మీద తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, మండలానికి పంపించండి. ఆ సంతకాల్లో మీదీ ఉండాలి.